చెంపదెబ్బ కుర్మయ్య

కుర్మయ్య మొదటి చెంపదెబ్బ తిన్నది శామీర్‌పేట్ చెరువు కట్ట కింద, తొంభై ఒకటిలో. అప్పటికి అతనికి ముప్పై ఏడేళ్లు. జీడిమెట్లలో ఒక కంపెనీలో డ్రమ్ములు దొర్లించే పని, షిఫ్టు లేని రోజున చెరువులో వల. ఆ రోజు వల దులుపుకుంటుంటే సిటీ నుంచి సినిమావాళ్లు రెండు వ్యాన్లలో దిగారు. చేపలమ్మేవాడి వేషం వెయ్యాల్సిన మనిషి రాలేదు. అసిస్టెంట్ డైరెక్టర్ చుట్టూ చూసి, తడి లుంగీతో నిలబడ్డ కుర్మయ్యను వేలు పెట్టి చూపించాడు.

"ఏం లేదన్నా. ఆ అమ్మగారు వచ్చి కొట్టినట్టు చేస్తారు. నువ్వు తగిలినట్టు చెయ్యాలి. అంతే."

ఆ అమ్మగారు పార్వతీదేవి. కృష్ణా జిల్లా నాటకాల నుంచి వచ్చి, పాతికేళ్లుగా సినిమాల్లో గయ్యాళి అత్తగా, నోరున్న ఇంటి ఓనరుగా జనాన్ని పగలబడి నవ్విస్తున్న మనిషి. కుర్మయ్య భార్య శివమ్మ మేడ్చల్ మార్కెట్లో చేపలమ్మేది. పార్వతీదేవి సినిమా వచ్చిందంటే గంప పక్కామె ముందు పెట్టి టాకీసుకు పరిగెత్తేది.

కెమెరా తిరిగింది. ఆమె కొట్టినట్టు చెయ్యలేదు. కొట్టింది. ఎడమ చెంప మీద అరచెయ్యి పూర్తిగా పడింది. ఆ విసురుకు కుర్మయ్య ఒకటిన్నర చుట్టు తిరిగి, వల కాళ్లకు చుట్టుకుని, లుంగీ పైకెగిరి, బురదలో కూలబడ్డాడు. డైరెక్టరు కుర్చీలోంచి జారిపోయేలా నవ్వాడు. లైట్లు పట్టుకున్నవాళ్లు నవ్వారు. కట్ట మీద చేరిన ఊరివాళ్లు నవ్వారు. పార్వతీదేవి మాత్రం నవ్వలేదు. అంగట్లో ఎద్దును చూసే బేరగాడిలా అతన్ని కిందికీ మీదికీ చూసింది.

"వీడు బాగా పడ్డాడు. అడ్రసు రాసుకోండి," అంది.

ఆ తర్వాత ఎనిమిదేళ్లలో ముప్పైకి పైగా సినిమాల్లో ఆమె అతన్ని కొట్టింది. పాలవాడు, రిక్షావాడు, పోస్ట్‌మాన్, ఒకసారి పెళ్లికొడుకు. వేషం ఏదైనా ఆమె వచ్చేది, కొట్టేది, అతను పడేవాడు. అతనికి మాటలుండేవి కావు. ఉన్నా వేరే ఎవరో డబ్బింగ్ చెప్పేవారు. ఆ గొంతు కుర్మయ్య యాసను ఇంకో నాలుగు వంకర్లు తిప్పి పలికేది.

మొదట్లో అతను దాన్ని పనిగానే తీసుకున్నాడు. పని అన్నాక బాగా చెయ్యాలి కదా అని, చెరువు గట్టున ఇసుకలో పడడం నేర్చుకున్నాడు. దెబ్బ తగిలిన క్షణం మెడ వదలాలి. భుజం తిప్పాలి. మోకాళ్లు ఒకదాని తర్వాత ఒకటి మడవాలి. చివర్లో పిర్రల మీద కూర్చుని కళ్లు తేలెయ్యాలి. తొందరపడితే నవ్వు రాదు. ఆలస్యమైతే జాలి వస్తుంది. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. పడీ పడీ తెలుసుకున్నాడు.

ఒకసారి మాత్రం ధైర్యం చేసి ఆమెనే అడిగాడు. "అమ్మా, జర మెల్లగ కొట్టుండ్రి. పొద్దుగాల నుంచి నమలరాక అన్నం గూడ తినలే."

"మెల్లగా కొడితే మెల్లగా నవ్వుతారు," అంది ఆమె, కుంకుమ సరిచేసుకుంటూ. "ఇష్టం లేకపోతే మానెయ్. నీలాంటివాళ్లు గేటు బయట వంద మంది ఉన్నారు."

అతను మానలేదు. ఊళ్లో సినిమాలో కనబడ్డ మనిషి తనొక్కడే. ఆ గర్వం రెండేళ్లు నిలిచింది. తర్వాత గర్వం పోయి చెంప మిగిలింది.

మేడ్చల్ బస్టాండు పక్కన లక్ష్మణ్ చాయ్ హోటల్‌కు కుర్మయ్య వెళ్లాడంటే చాలు, ఎవడో ఒకడు వెనక నుంచి వచ్చి ఎడమ చెంప మీద చటుక్కున ఒకటి వేసేవాడు. "పడు కాకా, పడు!" అని అరిచేవాళ్లు. పడకపోతే "స్టార్ అయిండు, గీడ ఎందుకు పడ్తడు" అనేవాళ్లు. లక్ష్మణ్ కూడా గిరాకీ పెరుగుతుందని గ్లాసు చేతికిచ్చే ముందు ఒకటి తగిలించేవాడు. మార్కెట్లో శివమ్మ గంప ముందు మగవాళ్లు చేరి, "నీ మొగున్ని ఒక్క దెబ్బ కొట్టనిస్తే రెండు కిలోలు కొంట" అనేవాళ్లు. ఒకరోజు ఆమె చేపలు కోసే కత్తిపీట పక్కకు జరిపి లేచింది.

"నీ అయ్యను దోల్కరా. ఇద్దర్ని నిలవెట్టి కొడ్దాం," అంది.

ఆ మనిషి పోయాడుగానీ, ఆ రోజు నుంచి శివమ్మ పార్వతీదేవి సినిమా చూడడం మానేసింది. "గా ముండ మొఖం నాకు సూపెట్టకు," అనేది. కూతురు బిందు బడిలో తండ్రి పేరు చెప్పడం మానేసింది. తండ్రి ఎదురొస్తే సందులోకి తిరిగిపోయేది. కుర్మయ్య అది చూశాడు. చూసి, తానే వేరే దారిన ఇంటికి రావడం మొదలుపెట్టాడు.

తొంభై ఆరులో పేట్ బషీరాబాద్‌లో ఒక ద్రాక్ష తోటలో షూటింగ్. ఎండాకాలం. ఎదుటి నటుడు మాటిమాటికీ డైలాగ్ మర్చిపోతున్నాడు. అతను తప్పిన ప్రతిసారీ దెబ్బ మళ్లీ మొదటి నుంచి. పదకొండోసారి పార్వతీదేవికి విసుగొచ్చింది. ఆ విసుగంతా చేతిలోకి వచ్చింది. అరచెయ్యి చెంప దాటి చెవి మీద పడింది. కుర్మయ్య అలవాటు ప్రకారం తిరిగాడు, పడ్డాడు, కళ్లు తేలేశాడు. లేచేసరికి ఎడమ పక్క లోకమంతా గుయ్యిమంటూ ఉంది. కాసేపటికి ఆ గుయ్యి కూడా పోయింది.

"ఏందయ్యా, బాగనే ఉన్నవా?" అని ఎవరో అడిగారు.

"ఏంది?" అన్నాడు కుర్మయ్య. "ఇనవడ్తలేదు."

తోటలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి గొల్లుమన్నారు. అతను ఇంకో పక్కకు తిరిగి, చెవి మీద చెయ్యి పెట్టుకుని, మళ్లీ అన్నాడు. "నిజంగనే ఇనవడ్తలేదు సార్." నవ్వు ఇంకా పెరిగింది. డైరెక్టరు తొడ చరిచి, "ఇది పెట్టండి! ఇదే పెట్టండి!" అన్నాడు. ఆ పూటే సీను తిరగరాశారు. ఆమె కొడుతుంది, ఇతను "ఏంది? ఇనవడ్తలేదు!" అంటాడు, ఆమె ఇంకోటి కొడుతుంది. ఆ తర్వాతి దెబ్బలకు కుర్మయ్యకు నొప్పి తెలిసింది గానీ చప్పుడు తెలియలేదు.

డాక్టరు దగ్గరికి పోయేసరికి వారం దాటింది. చెవి పొర చినిగి చీము పట్టింది, వినికిడి తిరిగి రాదు అన్నాడు. సినిమా మాత్రం వంద రోజులు ఆడింది. ఆ "ఇనవడ్తలేదు" మాట ఊరూరా పాకింది. మచ్చ బొల్లారంలో పిల్లలు గోలీలాడుతూ అనేవాళ్లు. బస్సులో కండక్టరు టికెట్ అడిగితే కాలేజీ పోరగాళ్లు అనేవాళ్లు. కుర్మయ్య ఎవరినైనా నిజంగా "ఏంది?" అని అడిగితే చాలు, ఎదుటివాళ్లు పొట్ట పట్టుకునేవాళ్లు. దాంతో అడగడం మానేశాడు. వినపడినా వినపడకపోయినా తలూపడం అలవాటు చేసుకున్నాడు. కంపెనీలో సూపర్‌వైజర్ ఒకటి చెబితే ఇంకోటి చేసి, ఆ ఉద్యోగమూ పోగొట్టుకున్నాడు.

తొంభై తొమ్మిది నాటికి గయ్యాళి అత్తల కాలం చెల్లింది. పార్వతీదేవికి వేషాలు తగ్గాయి. కుర్మయ్యకు కబురు రావడం ఆగిపోయింది. అతను శామీర్‌పేట్ రోడ్డు మీద ధర్మేందర్ అనే రియల్ ఎస్టేట్ ఆసామి వెంచర్‌లో కాపలా పనికి కుదిరాడు. హద్దురాళ్లు, రేకుల గది, ఒక కర్ర. అక్కడ ఎవరూ చెంప ముట్టుకునేవాళ్లు కాదు. ఐదేళ్లు అట్లా గడిచాయి. బిందు డిగ్రీలో చేరింది.

రెండు వేల నాలుగు ఫిబ్రవరిలో ధర్మేందర్ తన సుమో దిగి, రేకుల గది ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ప్లాట్లకు పేరు రావాలని అతను ఒక సాంస్కృతిక సంఘం పెట్టాడు. ఆ సంఘం తరఫున శామీర్‌పేట్‌లో మూడు రోజులు హాస్య చిత్రోత్సవం. పాత సినిమాలు వేస్తారు. ఆఖరి రోజు పార్వతీదేవికి జీవన సాఫల్య పురస్కారం.

"కుర్మన్నా, అమ్మకు అవార్డ్ ఇస్తున్నం. గప్పుడు నువ్వు స్టేజి మీదికి రావాలె. గామె ఒక్కటి కొడ్తది. ఒక్కటే. నువ్వు పడాలె. పబ్లిక్ పాగల్ అయితది."

"నాకొద్దు సేటు," అన్నాడు కుర్మయ్య. "యాభై ఏండ్లొచ్చినయి. బిడ్డ కాలేజీకి పోతాంది."

"వద్దంటే ఎట్ల? పాంప్లెట్ల నీ ఫోటో ఏసేసినం." ధర్మేందర్ జేబులోంచి తీసి చూపించాడు. పైన పార్వతీదేవి, కింద చెంప పట్టుకుని కళ్లు తేలేసిన కుర్మయ్య. "అమ్మను అడిగితే కొడ్తనన్నది, నువ్వు పడుడే కష్టమా? ఐదేండ్ల నుంచి నీడ పట్టున కూసోవెట్టిన. గీ మాత్రం చెయ్యవా?"

ఇంటికి వచ్చి చెబితే శివమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"పోతవా?"

"పోకుంటే పని పోతది."

"పో. పొయ్యి గామెను నలుగుట్ల అడుగు. నా మొగని చెవు ఏడ వెట్టినవని అడుగు."

కుర్మయ్య ఆదివారం మధ్యాహ్నం ఉతికిన తెల్లచొక్కా వేసుకుని బయల్దేరాడు. శివమ్మ తనూ వస్తానంది. బిందు తలుపేసుకుని లోపలే ఉండిపోయింది.

ఫంక్షన్ హాలు నిండిపోయింది. మేడ్చల్ నుంచి, అల్వాల్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ట్రాక్టర్లలో జనం వచ్చారు. వెనక గదిలో పార్వతీదేవి అద్దం ముందు కూర్చుని ఉంది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. కాళ్ల కింద స్టూలు, మెడలో పూలదండ, మొహానికి అప్పుడే రాసిన పౌడరు. కుర్మయ్య గుమ్మంలో నిలబడి దండం పెట్టాడు. ఆమె అద్దంలోంచే చూసింది.

"నువ్వా. బతికే ఉన్నావా. బాగా ముసలాడివయ్యావు," అంది. "చూడు, నా వేళ్లు వంగట్లేదు. ఒకటే దెబ్బ. ఎడం చెంప ఇటు పెట్టు. పడేటప్పుడు బద్ధకించకు. ఎమ్మెల్యేగారొస్తున్నారు."

"అమ్మా, ఒక మాట. ఎడమ చెవు పోయింది. ద్రాక్ష తోటల మీరు కొట్టిన దెబ్బకే పోయింది. గప్పుడే చెప్పిన. ఎవ్వలు ఇనలే."

ఆమె ఈసారి వెనక్కి తిరిగి చూసింది. ఒక క్షణం ఆ కళ్లలో ఏదో లెక్క వేసుకున్నట్టు కనబడింది. తర్వాత పెదాలు విచ్చుకున్నాయి.

"వినపడట్లేదంటావు! ఆ డైలాగ్ కూడా స్టేజి మీద చెప్పు. హాలు కూలిపోతుంది."

పక్కనున్న మేకప్ అమ్మాయి కిసుక్కున నవ్వింది. కుర్మయ్య బయటికి వచ్చి గోడకు ఆనుకున్నాడు. ఏం చెయ్యాలో అతనికి అప్పటికీ తెలియదు. కోపం ఉంది. కానీ పదమూడేళ్లుగా ఉన్న కోపమే అది. ఆ కోపంతోనే ప్రతిసారీ పడ్డాడు.

తెర మీద పాత సీన్లు వేశారు. పాలవాడు పడ్డాడు, పోస్ట్‌మాన్ పడ్డాడు, పెళ్లికొడుకు పడ్డాడు. హాలు ఊగిపోయింది. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, ఎమ్మెల్యే మాట్లాడాడు. అప్పుడు ధర్మేందర్ మైకు లాక్కుని, "ఇగ సూడుండ్రి, అసల్ సినిమా!" అని కేకేశాడు. కుర్మయ్య మెట్లెక్కాడు. ఈలలు.

పార్వతీదేవి శాలువా సర్దుకుని, నడుం మీద చెయ్యి పెట్టింది. అంతే, ఆ ముసలి ఒళ్లు మాయమైపోయి తెర మీది గయ్యాళి నిలబడింది. కనుబొమ్మ ఎగరేసింది. జనం అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. చెయ్యి లేచింది. వేళ్లు వంగకపోయినా దెబ్బ మాత్రం పాతదే.

కుర్మయ్య పడలేదు.

మెడ వదల్లేదు, భుజం తిప్పలేదు. ముందే అనుకుని కాదు. దెబ్బ పడగానే మోకాళ్లు వాటంతటవే మడుచుకోవాలి, మడుచుకోలేదు. అతను అట్లాగే నిలబడి ఆమె మొహంలోకి చూస్తూ ఉన్నాడు. ముందు వరుసల్లో నవ్వు సగంలో తెగింది. వెనకవాళ్లు ఇంకా పడతాడేమోనని మెడలు సాచారు.

"పడరా," అంది ఆమె పెదాలు కదపకుండా. అతనికి కుడి చెవికి వినపడింది. "పడు."

ఆమె ఇంకోటి కొట్టింది. ఈసారి గట్టిగా. కుర్మయ్య చెంప ఎర్రబడింది. మనిషి కదల్లేదు. ముప్పై సినిమాల్లో జనం చూడనిది అప్పుడు చూశారు. ఒక పెద్దామె ఒక పెద్దమనిషిని కారణం లేకుండా కొడుతోంది. హాలులో ఎక్కడో ఒక పసిపిల్ల ఏడుపు అందుకుంది. ఒక ఆడగొంతు, "అయ్యో, గట్ల కొడ్తరా!" అంది.

పార్వతీదేవి నలభై ఏళ్లు జనం నాడి పట్టిన మనిషి. ఆ నిశ్శబ్దం ఆమెకు అందరికంటే ముందే అర్థమైంది. వెంటనే ధర్మేందర్ చేతిలో మైకు అందుకుని నవ్వు తెచ్చుకుంది. "చూశారా, వీడికి దెబ్బ వినపడలేదు!"

ఎవరో ఒకరిద్దరు అలవాటుగా నవ్వారు. కుర్మయ్య ఆమె చేతిలో మైకు తీసుకున్నాడు.

"నిజమే. ఇనవడ్తలేదు," అన్నాడు. "తొంబై ఆరుల ఈ అమ్మ కొట్టినంక ఈ చెవు ఇనవడ్తలేదు. గప్పుడు చెప్తే మీరంతా నవ్విన్రు."

మైకు బల్ల మీద పెట్టి దిగిపోయాడు. దారిలో ఉన్నవాళ్లు పక్కకు జరిగారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ అతని భుజం తట్టలేదు. తమను తిట్టిన మనిషిని చూసినట్టు చూశారు. శివమ్మ ఆఖరి వరుసలో లేచి నిలబడి ఉంది.

పార్కింగ్ దగ్గర వాళ్లు ఆటో కోసం చూస్తుంటే పార్వతీదేవి కారు వచ్చి ఆగింది. అద్దం దిగింది.

"నా ఆఖరి స్టేజి అది," అంది ఆమె కోపంగా. "ఇక నన్నెవరూ పిలవరు. దాన్ని కూడా తినేశావు."

"మీరు నా చెవు తిన్నరు."

"ఏం తెలుసురా నీకు? పదేళ్లప్పుడు నాటకాల కంపెనీలో నన్ను నిజంగానే కొట్టేవాళ్లు. వీపు చిట్లేది. జనం నవ్వేవాళ్లు. నేను ఏడ్చానా? నేర్చుకున్నాను."

"మీరు కొట్టుడు నేర్సుకున్నరు," అన్నాడు కుర్మయ్య. "నేను పడుడు నేర్సుకున్న. ఇగ నాతోని గాదు."

"నీకు పేరొచ్చింది నా చేతి వల్ల."

"యాడ వచ్చింది? ఒక్క సినిమాల నా పేరు ఏసిన్రా?"

"వెయ్యలేదు. నీ పేరు కుర్మయ్య అని నాకు తెలుసు. వెయ్యమని నేనెందుకు చెప్తాను?"

శివమ్మ కారు దగ్గరికి వంగింది. ఆమె మనసులో పదేళ్లుగా దాచుకున్న తిట్లు చాలా ఉన్నాయి. తీరా అంత దగ్గర నుంచి చూస్తే పౌడరు కింద ముడతలు, మోకాళ్ల మీద వేడినీళ్ల సంచి. ఏ తిట్టూ ఎన్నుకోలేక, కారు అద్దం మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

"పో ఈడికెళ్లి," అంది.

కారు పోయింది.

మర్నాడు ఉదయం ధర్మేందర్ వెంచర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఎమ్మెల్యే ముంగట నా ఇజ్జత్ తీసినవ్. కర్ర ఆడ వెట్టి పో," అన్నాడు. కుర్మయ్య కర్ర గోడకు ఆనించి వచ్చేశాడు. లక్ష్మణ్ హోటల్‌లో జనం రెండు జట్లయ్యారు. మంచి పని చేశాడన్నవాళ్లు తక్కువ. ముసలామెను అంత మందిలో అవమానిస్తాడా, నవ్వడానికి పోతే మనల్ని దోషుల్ని చేస్తాడా అన్నవాళ్లు ఎక్కువ. చాలా కాలం వాళ్లు అతనితో మాట్లాడలేదు. చెంప జోలికి మాత్రం మళ్లీ ఎవరూ రాలేదు. కొట్టాలనిపించే మనిషి కాదు ఇప్పుడతను. ఎదురొస్తే చూపు తిప్పుకోవాల్సిన మనిషి.

ఆ సాయంత్రం బిందు కాలేజీ నుంచి వచ్చి, తండ్రి కుడి పక్కన కూర్చుంది. ఎవరో అంతా చెప్పినట్టున్నారు.

"నాయినా, మస్తు నొచ్చిందా?" అంది.

ఏ దెబ్బ సంగతి అడుగుతోందో అతనికి అర్థం కాలేదు. "ఎప్పుడు?" అన్నాడు.

కుర్మయ్య మళ్లీ చెరువుకు పోయాడు. చేపలు పట్టేవాళ్ల సొసైటీలో సభ్యత్వం పోలేదు గనుక వల పట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అతను పట్టేవాడు, శివమ్మ అమ్మేది. పార్వతీదేవి చెప్పినట్టే అయింది. ఆమెను ఆ తర్వాత ఏ వేదికకూ పిలిచిన దాఖలా లేదు.

రెండు వేల ఏడులో ఆమె చనిపోయింది. మధ్యాహ్నానికల్లా ఒక టీవీ వ్యాను శామీర్‌పేట్‌కు వచ్చింది. మైకు పట్టుకున్న అమ్మాయి సుస్మిత మర్యాదగా అడిగింది. "అమ్మగారితో మీ జ్ఞాపకాలు చెప్పండి సార్. ఒక్కసారి ఆ పడడం కూడా చూపిస్తే..."

"పడుడు లేదు," అన్నాడు కుర్మయ్య. గట్టు మీద కూర్చున్నాడు. "గామె మంచి యాక్టర్. గసొంటి చెయ్యి ఇంకోలకు లేదు. మంచి మనిషి గాదు. రెండూ రాసుకోండ్రి."

రాత్రి వార్తల్లో అతను కనబడ్డాడు. వెనక విషాద సంగీతం, పక్కన చిన్న డబ్బాలో పార్వతీదేవి నవ్వు ముఖం. "గామె మంచి యాక్టర్. గసొంటి చెయ్యి ఇంకోలకు లేదు," అన్నాడు టీవీలో కుర్మయ్య. అక్కడితో కోసేశారు.

"తర్వాత మాట ఏదిరా దొంగనాకొడకల్లారా!" అని శివమ్మ టీవీ మీదికి లేచింది.

కుర్మయ్య ఆమెను కూర్చోమన్నాడు. అన్నం పెట్టమన్నాడు. తెల్లారి నాలుగింటికి చెరువు మీదికి పోవాలి.